4294967297 ప్రధాన సంఖ్య కాదు: దాని కారణాంకాలు, మిగతా లక్షణాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 4294967297ను వంద లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశారు, దేనితోనూ నిశ్శేషంగా పోలేదు, తర్వాత 2 ఆధారంగా చేసే ఫెర్మా పరీక్ష (ప్రధాన సంఖ్య అవునో కాదో త్వరగా అంచనా వేసే పద్ధతి) పెడితే "బహుశా ప్రధాన సంఖ్య" అని వచ్చింది. మరి ఇది నిజంగా ప్రధాన సంఖ్యేనా, దీనికి ఇంకేమైనా ప్రత్యేకత ఉందా అని.

ప్రధాన సంఖ్య కాదు. 4294967297 = 641 × 6700417. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి 1తోనూ, దానితోనూ కలిపి మీ సంఖ్యకు మొత్తం నాలుగే భాజకాలు. ఆ నాలుగూ కూడితే 4301668356. దానికంటే చిన్నవాటిలో దానితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 640 × 6700416, అంటే 4288266240. ప్రధాన సంఖ్యల వరసలో 641 అనేది 116వది, వంద లోపు ఉన్నవి 25, కాబట్టి మీరు ఇంకో 91 భాగహారాలు చేసి ఉంటే అది దొరికి ఉండేది. మీ ఓపికలో లోపమేమీ లేదు. అయితే ఈ సంఖ్య విషయంలో అన్ని భాగహారాలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. అది ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, నాకు చాలా ఇష్టమైన సంఖ్య ఇది.

ముందు దాని ఆకారం చూడండి. పది అంకెల్లో చూస్తే దానిలో ఏమీ కనబడదు, అంకెల మొత్తం 59, చివర 7, అంతే. కానీ అది 2^32 + 1. ఇంకోలా రాస్తే 65536² + 1. బైనరీలో రాస్తే ముందు ఒక 1, మధ్యలో 31 సున్నాలు, చివర ఒక 1, ఎటు నుంచి చదివినా ఒకటే. కంప్యూటర్ పని చేసేవాళ్లకు పక్కనున్న 4294967296, 4294967295 బాగా పరిచయం, 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఆ రెండోదే. మీ సంఖ్యకు 33 బిట్లు కావాలి. దీన్ని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టి ప్రోగ్రాం రాస్తే పైనున్న బిట్ పోయి మీ చేతిలో 1 మాత్రమే మిగులుతుంది. కాబట్టి ప్రోగ్రాంతో చూసేటప్పుడు ముందు వేరియబుల్ టైపు సరిచూసుకోండి.

ఆకారం తెలిసిన వెంటనే వచ్చే మొదటి లాభం: 2^32 − 1ని (2^16 + 1)(2^16 − 1) అని విడగొట్టవచ్చు, ఆ రెండోదాన్ని మళ్లీ అలాగే విడగొట్టవచ్చు, ఇలా దిగుతూ పోతే 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537 అని వస్తుంది. మీ సంఖ్య దీనికంటే సరిగ్గా 2 ఎక్కువ. అంటే 3తో, 5తో, 17తో, 257తో, 65537తో, దేనితో భాగించినా శేషం 2. ఒక్క భాగహారం కూడా చేయకుండా ఐదు ప్రధాన సంఖ్యలు పక్కకు పోయాయి. అలాగే 7, 11, 13 మూడిటికీ కలిపి ఒకే పరీక్ష ఉంది (7 × 11 × 13 = 1001 కాబట్టి): అంకెల్ని కుడివైపు నుంచి మూడేసిగా విడగొట్టి ఒకటి కూడి ఒకటి తీసేయాలి. 297 − 967 + 294 − 4 = −380. 380 ఆ మూడిట్లో దేనికీ గుణిజం కాదు, కాబట్టి మీ సంఖ్య కూడా కాదు. పెద్ద సంఖ్య ఏది కనబడినా నేను ముందు ఈ పరీక్షే చేస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకుని దాన్ని "ప" అందాం. 2^32ను పతో భాగిస్తే శేషం −1 (అంటే ప−1, రెండూ ఒకటే). దాన్ని వర్గం చేస్తే 2^64కు శేషం 1. 2 ఘాతాల్ని వరసగా 2, 4, 8, 16 అని తీసుకుంటూ పతో భాగిస్తూ పోతే శేషం మొదటిసారి 1 అయ్యేది సరిగ్గా 64వ ఘాతం దగ్గరే. ఎందుకంటే ఆ మొదటి చోటు 64కు భాజకం కావాలి. 64 కాకుండా వేరే ఏ భాజకమైనా 32ను కూడా భాగిస్తుంది, అప్పుడు 32 దగ్గర −1కి బదులు 1 వచ్చి ఉండేది. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2^(ప−1)కి శేషం 1. కాబట్టి ప−1 అనేది 64కు గుణిజం కాక తప్పదు.

ఇంకో మెట్టు ఎక్కవచ్చు. 256 × 65535 = 16776960 తీసుకోండి. దీన్ని వర్గం చేసి 4294967297తో భాగిస్తే శేషం 2. నమ్మకం కుదరకపోతే కాగితం మీద చేసి చూడండి, 2^32 బదులు −1 పెట్టుకుంటూ పోతే రెండు నిమిషాల్లో వస్తుంది. అంటే ఈ సంఖ్య మన లెక్కలో 2కు వర్గమూలం లాంటిది. దాని 64వ ఘాతం −1, 128వ ఘాతం 1. పై పేరాలోని వాదన దీనికి మళ్లీ పెడితే ప−1 అనేది 128కి గుణిజం అని తేలుతుంది.

ఇక చూడండి, ప ఎప్పుడూ 128క + 1 (క ఏదైనా పూర్ణసంఖ్య) అనే రూపంలోనే ఉండాలి. వరసగా రాస్తే 129, 257, 385, 513, 641. వీటిలో 129, 513 మూడుతో పోతాయి, 385 ఐదుతో పోతుంది, కాబట్టి అవి ప్రధాన సంఖ్యలు కావు. 257తో శేషం 2 అని పైనే తెలిసిపోయింది. మిగిలింది 641. మీరు నిజంగా కూర్చుని చేయాల్సిన మొట్టమొదటి భాగహారమే దానితో, అది నిశ్శేషంగా పోతుంది. మామూలు పద్ధతిలో 65536 వరకు 6542 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి, అన్నిటినీ ప్రయత్నించాలనుకుంటే చేత్తో అయ్యే పని కాదు.

ఆ ఒక్క భాగహారం కూడా తప్పించే దారి ఉంది. 641 = 5 × 128 + 1. అదే 641 = 625 + 16, అంటే 5^4 + 2^4. మొదటిదాన్ని బట్టి 5 × 2^7ను 641తో భాగిస్తే శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5^4 × 2^28కి శేషం 1. రెండోదాన్ని బట్టి 5^4 ఉన్నచోట −2^4 పెట్టవచ్చు. పెడితే −2^32కు శేషం 1, అంటే 2^32 + 1కి శేషం సున్నా. పది అంకెల సంఖ్యను ఎక్కడా ముట్టుకోకుండానే నిరూపణ అయిపోయింది. సంఖ్యా సిద్ధాంతం మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే.

మరి 6700417 ప్రధాన సంఖ్య అని ఎలా తెలుసు? దాని వర్గమూలం 2588 కంటే కాస్త ఎక్కువ. దానికి కారణాంకం ఉంటే అది మీ సంఖ్యకూ కారణాంకమే, కాబట్టి దానికీ 128క + 1 నియమం వర్తిస్తుంది. 2588 లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు ఐదే ఐదు: 257, 641, 769, 1153, 1409. భాగిస్తే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు, పని అయిపోయింది. ఏడంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని ఐదు భాగహారాలతో నిరూపించడం ఎంత బాగుంటుందో చేసినవాళ్లకే తెలుస్తుంది, ఒకసారి చేత్తో చేయండి.

చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీకు వచ్చిన అనుమానమే పెద్దవాళ్లకూ వచ్చింది. 2ను 1, 2, 4, 8, 16వ ఘాతాలకు పెంచి 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇలా ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1640 ప్రాంతంలో గట్టిగా నమ్మాడు. ఆ వరసలో తర్వాతది మీ సంఖ్యే. 1729 డిసెంబర్ 1న గణితవేత్త గోల్డ్‌బాక్ ఈ ప్రశ్నను మరో గణితవేత్త ఆయిలర్‌కు ఉత్తరంలో గుర్తుచేశాడు, 1732లో ఆయిలర్ 641 చూపించాడు. అప్పుడు ఎలా దొరికిందో వివరించలేదు. తర్వాత రాసిన వ్యాసంలో 64క + 1 నియమాన్ని నిరూపించాడు. ఆ నియమంతో వెళ్తే 193, 257, 449, 577 దాటి ఐదో ప్రధాన సంఖ్యగా 641 వస్తుంది. 64ను 128 చేసింది ఫ్రెంచ్ గణితవేత్త లూకా, 1878లో. నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసేది ఏమిటంటే, ఈ వాదనకు కావలసిన చిన్న సిద్ధాంతం ఫెర్మా సొంతం, అదీ 1640లోనే రాశాడు, అయినా 641 ఆయన కంటపడలేదు. ఇంకో సంగతి, 1812లో లండన్‌కు తీసుకొచ్చి ప్రదర్శించిన జెరా కోల్‌బర్న్ అనే ఎనిమిదేళ్ల అమెరికా పిల్లవాడు ఈ సంఖ్యకు కారణాంకాలు అడిగితే నోటి లెక్కతోనే చెప్పేశాడు.

మీ ఫెర్మా పరీక్ష ఎందుకు తప్పు చెప్పిందో చూద్దాం, దీని మీద మీకు కొంత టెన్షన్ ఉన్నట్టుంది. పరీక్షించే సంఖ్యను న అందాం. ఆ పరీక్ష చూసేది 2^(న−1)ను నతో భాగిస్తే శేషం 1 వస్తుందా లేదా అని. ఇక్కడ న−1 అంటే 2^32, అది 64కు గుణిజం, 2^64కు శేషం 1 అని పైన చూశాం, కాబట్టి శేషం 1 రాక తప్పదు. అంటే ఈ ఆకారంలో ఉన్న ఏ సంఖ్యకైనా 2తో చేసే పరీక్ష ఎప్పుడూ పాసే, అది ప్రధాన సంఖ్య అయినా కాకపోయినా. కాస్త గట్టిదైన మిల్లర్–రాబిన్ పరీక్షను 2 ఆధారంగా చేసినా ఇదే జరుగుతుంది. ఆధారంగా 3 తీసుకోండి, 3^(2^32)కు శేషం 3029026160 వస్తుంది, 1 కాదు, అక్కడితో తేలిపోయింది. ఇది కూడా చేత్తో సరిచూసే మార్గం ఉంది: 641తో భాగిస్తూ 3ను పదే పదే వర్గం చేయండి, 3^256 దగ్గర 531 వస్తుంది, 641కి సంబంధించినంతవరకు 3^(2^32) అన్నా 3^256 అన్నా ఒకటే (రెండు ఘాతాల తేడా 640కి గుణిజం). 3029026160ని 641తో భాగించినా శేషం 531. ఈ వరస సంఖ్యల కోసమే ఇలాంటి కచ్చితమైన పరీక్షను 1877లో ఫ్రెంచ్ గణితవేత్త పెపాన్ ఇచ్చాడు. ఒక్క ఆధారంతో వచ్చిన "బహుశా" మీద ఎప్పుడూ ఆగిపోవద్దు, నాలుగైదు ఆధారాలు మార్చి చూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన లక్షణం. మీ సంఖ్య రెండు వర్గాల మొత్తం, 65536² + 1². కానీ ఇంకో రకంగా కూడా అవుతుంది: 62264² + 20449². వేసి చూడండి, 3876805696 + 418161601 = 4294967297. (20449 మళ్లీ 143 వర్గం, కాబట్టి మీ సంఖ్య 62264² + 143^4 కూడా.) 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. రెండు రకాలుగా రాయగలిగాం అంటే అది ప్రధాన సంఖ్య కాదని అక్కడే రుజువైపోయింది, కారణాంకం ఏమిటో ఇంకా తెలియకపోయినా సరే.

పైగా ఆ రెండు రకాలే కారణాంకాన్ని కూడా చేతికిస్తాయి. బేసివి రెండూ తీసుకోండి, 20449, 1. సరివి రెండు, 65536, 62264. బేసివాటి తేడా 20448, సరివాటి తేడా 3272, ఈ రెండిటి గ.సా.భా 8. బేసివాటి మొత్తం 20450, సరివాటి మొత్తం 127800, వీటి గ.సా.భా 50. ఆ 8లో సగం 4, 50లో సగం 25. 4² + 25² = 16 + 625 = 641. నేను మొదటిసారి ఇది కాగితం మీద చేసినప్పుడు ఆ 641 వచ్చి కూర్చోగానే పెన్ను పక్కన పెట్టి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

వెనక్కు వెళ్లి చూస్తే ఇది ఎందుకు పనిచేసిందో తెలుస్తుంది. 641 = 25² + 4², 6700417 = 2556² + 409². రెండు వర్గాల మొత్తాల్ని గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది, అదీ రెండు రకాలుగా, బ్రహ్మగుప్తుడి పేరుతో పిలిచే సూత్రం ప్రకారం. 25 × 409 = 10225, 4 × 2556 = 10224. తేడా 1! మరోపక్క 25 × 2556 + 4 × 409 = 63900 + 1636 = 65536. ఇది మొదటి రకం. కూడికలూ తీసివేతలూ తారుమారు చేస్తే 10225 + 10224 = 20449, 63900 − 1636 = 62264, ఇది రెండోది. 65536² + 1లో ఉన్న ఆ చిన్న 1 వచ్చింది 10225, 10224 పక్కపక్కన పడటం వల్ల.

బ్రహ్మగుప్తుడు ఎలాగూ వచ్చాడు కాబట్టి వర్గ ప్రకృతి (ఒక వర్గంలోంచి మరో వర్గానికి గుణిజాన్ని తీసేస్తే 1 లాంటి చిన్న సంఖ్య మిగిలే సమీకరణం) కూడా చెప్పేస్తాను. మీ సంఖ్య వర్గం కంటే 1 మాత్రమే ఎక్కువ కాబట్టి 65536² − 4294967297 × 1² = −1. దీన్ని దానితోనే భావన చేస్తే (అంటే రెండు పరిష్కారాల్ని కలిపి కొత్తది రాబట్టే బ్రహ్మగుప్తుడి పద్ధతి వాడితే) 8589934593² − 4294967297 × 131072² = 1. మామూలుగా ఇలాంటి సమీకరణాలకు కనీస పరిష్కారం ఎంత పెద్దదవుతుందో ఊహించలేం, ఇక్కడ మాత్రం ఒక్క అడుగులో వచ్చేసింది.

మిగతావి త్వరగా చెబుతాను. మీ సంఖ్యకు ముందున్న ప్రధాన సంఖ్య 4294967291, తర్వాతది 4294967311, మధ్యలో ఏదీ లేదు. జ్యామితిలో, స్కేలూ వృత్తలేఖినితో గీయడానికి వీలైన క్రమ బహుభుజుల్లో, భుజాల సంఖ్య బేసిగా ఉన్నవాటిలో ఇప్పటికి తెలిసిన అతి పెద్దది 4294967295 భుజాలది, అంటే మీ సంఖ్యకు రెండు తక్కువ. గౌస్ 1796లో 17 భుజాలతో మొదలుపెట్టిన దారి అది. 4294967297 భుజాలతో మాత్రం కుదరదు, 641 అడ్డం వస్తుంది. 641 గురించి ఇంకొక్క మాట, 10^16 + 1ను కూడా అది భాగిస్తుంది, అందుకే 1/641 దశాంశాలు 32 అంకెలకు ఒకసారి తిరిగి వస్తాయి.

ఈ వరసలో మీ సంఖ్య తర్వాత ఒక్క ప్రధాన సంఖ్య కూడా ఇప్పటివరకు దొరకలేదు. మీది వరసలో 5వది (3ను సున్నాగా లెక్కపెడితే). 5 నుంచి 32 వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది, 33వది ఏమిటో ఇంకా తేలలేదు. వీటిలో 20వ, 24వ వాటి పరిస్థితి మరీ విచిత్రం, ప్రధాన సంఖ్యలు కావని రుజువైంది కానీ ఒక్క కారణాంకమూ ఎవరి చేతికీ చిక్కలేదు. పూర్తిగా విడగొట్టింది 11 వరకే.

మీరు ప్రోగ్రాం రాస్తారు కాబట్టి తర్వాతదాని మీద ఇదే పద్ధతి పెట్టి చూడండి: 18446744073709551617, అంటే 2^64 + 1. అక్కడ నియమం 256క + 1 అవుతుంది. క = 1071 దగ్గర 274177 వస్తుంది, అది కారణాంకం. మిగిలేది 67280421310721, అది ప్రధాన సంఖ్య. ఈసారి 64 బిట్ల వేరియబుల్ కూడా సరిపోదు, దానిలో పెట్టినా 1 మాత్రమే మిగులుతుంది. అందుకని సంఖ్యను పెట్టకుండా 2ను ఆరుసార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ 256క + 1తో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటూ వెళ్లండి. చివరి శేషం 256క దగ్గర ఆగితే కారణాంకం దొరికినట్టే.